వానలు రాసుకున్న గోడ

లిస్బన్‌లో దిగిన మొదటి రోజే నవ్వులపాలయ్యాను. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి బస్సులో వస్తుంటే ప్రతి గోడ మీదా, ప్రతి షట్టర్ మీదా, చివరికి రైలుపెట్టెల మీద కూడా నల్లరంగుతో మెలికలు తిరిగిన సంతకాల్లాంటివి కనిపించాయి. ఒకే సంతకం మూడు వీధుల్లో చూశాను. నన్ను వెంటబెట్టుకొచ్చి పక్కన కూర్చున్న బెంగళూరు అమ్మాయిని, "ఏమ్మా, ఇన్ని గోడలు ఒక్కడే బుక్ చేసుకున్నాడా? ఏం కంపెనీ?" అని అడిగాను. ఆ అమ్మాయికి తెలుగు బాగానే వచ్చు. ముందు అర్థం కాలేదు గానీ, అయ్యాక బస్సంతా మా వైపు తిరిగి చూసేలా నవ్వింది.

నవ్వితే నవ్వింది. నాకు తెలిసిన లోకంలో గోడ మూలన రంగుతో చిన్న సంతకం ఉందంటే అర్థం ఒకటే. ఆ గోడ ఎవరో మాట్లాడుకున్నారని. ముప్పై ఏళ్లు అనంతపురం జిల్లాలో గోడల మీద అక్షరాలు రాసి బతికినవాణ్ణి. తాడిపత్రి నుంచి గుత్తి దాకా, ధర్మవరం నుంచి కొత్తచెరువు దాకా నేను సిమెంటు, విత్తనాలు, పైపులు, పట్టుచీరల అంగళ్ల పేర్లు రాయని రోడ్డు లేదు. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. గోడ నచ్చితే ఇంటివాళ్లను అడిగి, కింది మూలన మన గుర్తు వేసి, పక్కన "పూర్తి గోడ" అని రాసుకోవాలి. ఆ తర్వాత ఎంత పెద్ద కంపెనీ వచ్చినా ఇంకో పెయింటరు ఆ గోడ ముట్టుకోడు. ఎన్నికలప్పుడు పార్టీలవాళ్లు తలలు పగలగొట్టుకునేవాళ్లు గానీ, వాళ్ల గోడలు రాసే మేము ఒకే హోటల్లో టీ తాగేవాళ్లం. ఒకడి గోడ మీద ఇంకొకడు సున్నం కొట్టాడని తెలిస్తే, వాడికి మాలో ఎవరూ నిచ్చెన కూడా ఇచ్చేవాళ్లు కాదు.

ఫ్లెక్సీలు వచ్చి మా పొట్ట కొట్టాయి. కుంచె అటక మీద పెట్టేసిన చాలా ఏళ్లకు ఈ అమ్మాయి, పాత గోడరాతలను ఫోటోలు తీసుకుంటూ మా జిల్లాకు వచ్చింది. నా అక్షరాలు ఎవరికో చూపించింది. పోర్చుగల్ దేశంలో, లిస్బన్‌లో, ఎక్కడెక్కడి చేతిరాత పెయింటర్లనో పిలిచి పది రోజులు ముచ్చట పెడుతున్నారు, మీరూ రావాలంది. పాస్‌పోర్టు ఆఫీసులో నా వేలిముద్రలు పడలేదు. టర్పెంటైన్‌తో కడిగి కడిగి అవి ఎప్పుడో అరిగిపోయాయి. అక్కడి గుమస్తా విసుక్కుంటూ నాలుగుసార్లు నొక్కించాడు.

అట్లా వెళ్లాను.

ఆ ఊరిలో గోడలు చూడటం తప్ప నాకు ఇంకో పని తోచలేదు. ఆరంతస్తుల మేడ మీద ఒక ముసలావిడ ముఖం గీసి ఉంది. ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. వంతెన అడుగున, నిచ్చెన నిలబెట్టడానికి చోటే లేనిచోట, మనిషెత్తు అక్షరాలు. తలకిందులుగా వేలాడి రాశాడా అని మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. "ఎవరు రాయమంటే రాశారమ్మా?" అని అడిగితే, "ఎవరూ చెప్పరు. వాళ్లకు రాయాలనిపించి రాస్తారు. కొందరు వాళ్ల పేరే రాసుకుంటారు" అంది. నాకు చిరాకేసింది. పనీపాటా లేనివాళ్ల రంగు దండగ అనుకున్నాను. కానీ ఆ రాత్రి పడుకున్నాక లెక్క వేసుకుంటే, ముప్పై ఏళ్లలో నాకు రాయాలనిపించి రాసిన మాట ఒక్కటీ తేలలేదు.

నాలుగో రోజు పొద్దున నన్ను పట్టి కుదిపిన సంగతి జరిగింది. మేమున్న ఎత్తు వీధిలో ఒకతను రోలరుతో ఒక ఇంటి గోడకు బూడిదరంగు కొడుతున్నాడు. గోడ మీద ఎవరో నీలం రంగుతో ఏదో రాసి ఉన్నారు, పక్కన చిన్న పడవ బొమ్మ కూడా ఉంది. మొదటి పూత తడిగా ఉంది కాబట్టి నీలం అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. ఇంతలో ఇంట్లోంచి ఒకావిడ, చేతులకు పిండితోనే, బయటికొచ్చి అతని మీద విరుచుకుపడింది. అతను జేబులోంచి ఏదో కాగితం తీసి చూపించాడు. ఆమె కాగితం చూడనే లేదు, తల అడ్డంగా ఊపుతోంది. అమ్మాయి తనకు వచ్చినంత భాషతో విని, "ఇంటివాళ్లు ఒప్పుకున్నారని అతను అంటున్నాడు. నేనెప్పుడు ఒప్పుకున్నానని ఆమె అడుగుతోంది" అంది.

నాకు ఆ అమ్మాయి చెప్పకముందే తెలిసిపోయింది. పక్కింటి మెట్టు మీద కూర్చుండిపోయాను. ఎండ అనుకుని అమ్మాయి నీళ్ల సీసా తెచ్చింది. మా ఎండ చూడని పిల్ల కాదు, అయినా పాపం ఎండే అనుకుంది.

ఆ తడి పూత కింద నాకు కనిపించింది పడవ కాదు. చేప.

కొత్తచెరువుకు కొంచెం ఇవతల, రోడ్డు మలుపు తిరిగేచోట ఒక ఇల్లుంది. ధర్మవరం నుంచి వచ్చే ప్రతి బస్సుకూ ఎదురుగా నిలబడే గోడ ఆ ఇంటిది. గోడలు రాసేవాడికి అట్లాంటి గోడ కనిపిస్తే నోరూరుతుంది. కానీ దాని నిండా గీతలుండేవి. ఆ ఇంటాయన బొగ్గుతో, ఎర్ర కావిమట్టితో గీసుకున్నవి. చుట్టరికం లేకపోయినా నేను ఆయన్ను మామా అనేవాణ్ణి, ఆయన భార్యను అత్తా అనేవాణ్ణి. ఒకసారి వాళ్లింటికి ఎదురుగా ఉన్న గోడ రాస్తున్నప్పుడు నీళ్లడిగితే, అత్త మజ్జిగ ఇచ్చింది, మామ గీతల కథ చెప్పాడు.

ఆయనకు అక్షరం ముక్క రాదు. గోడ మీద ఉన్నవి వానలు. రోహిణి కార్తె వస్తే ఒక నిలువు గీత గీసి ఆ ఏడు మొదలుపెడతాడు. తుంపరకు ఒక చుక్క. వాన పడితే సేనికి పోయి, చేత్తో మట్టి తవ్వి, తడి ఎంత లోతుకు దిగిందో బెత్తెలతో కొలుస్తాడు. బెత్తెడు పదునుకు అడ్డగీత, జానెడు పదునుకు రెండు. విత్తనమేసే పదునైతే సున్న. చెరువులోకి నీళ్లు చేరితే చేప. అన్నేళ్ల గోడ మీద చేపలు రెండే ఉన్నాయి. ఒక్క చుక్కా లేకుండా వట్టి నిలువు గీతలు మాత్రం ఉన్న ఏళ్లు చాలానే ఉన్నాయి. ఏ కార్తెలో విత్తనమేస్తే బుడ్డలు, అదే వేరుశనగ కాయలు, ఊరినాయో, ఏ ఏడు కాయకు బదులు ఊడలే మిగిలినాయో తేల్చుకోవడానికి చుట్టుపక్కల రైతులు ఆ గోడ దగ్గరికొచ్చి వాదించుకునేవాళ్లు.

"మామా, నువ్వు కూడా పెయింటరువే" అన్నాను నవ్వుతూ.

"నువ్వు రాస్తే ఊరంతా చదువుతారప్పా. నాది నేనే చదువుకోవల్ల" అన్నాడాయన.

ఏడాది తిరిగాక ఒక పైపుల కంపెనీ పని వచ్చింది. సూపర్‌వైజరు రోడ్డంతా తిరిగి ఆ మలుపు గోడ చూపించి, అది లేకపోతే మిగతావి వద్దన్నాడు. పొద్దున్నే నిచ్చెన, సున్నం బకెట్టు పట్టుకుని వెళ్లాను. మామ ఇంట్లో లేడు. అత్త గుమ్మంలో నిలబడి, "ఆయప్ప సేన్లో ఉండాడు. వచ్చినాక అడుగు. ఈ గోడ జోలికి మాత్రం పోవద్దప్పా" అంది.

సేను రెండు మైళ్లు. ఎండెక్కితే సున్నం గోడను పట్టదు. ఇవి ఇప్పుడు చెబుతున్న సాకులు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "సేను కాడ మామను కలిసే వస్తాండా అత్తా. సరే పూసుకో అన్న్యాడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఆయప్ప అన్న్యాడా?" అంది. "అన్న్యాడు" అన్నాను. ఆమె పక్కకు తప్పుకుని లోపలికి పోయింది.

జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేశాను. తడి సున్నంలో బొగ్గు గీతలు కనిపిస్తూనే ఉంటాయి, ఆరేకొద్దీ పోతాయి. పైవరుస నుంచి వానలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. చేపలను కావితో దిద్దాడు కాబట్టి అవి చివరిదాకా ఉన్నాయి. వాటి మీద మూడో పూత వేశాను. మధ్యాహ్నానికల్లా ఎర్ర అక్షరాల్లో "బోరులో నీళ్లు, ఇంట్లో సిరులు" అని రాసి, అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపించేలా నీడ గీత కూడా దిద్ది, మామ వచ్చేలోపు సర్దుకుని పోయాను.

రెండో రోజు పక్క ఊళ్లో పని చేస్తున్నప్పుడు ఆయన నడిచి వచ్చాడు. తువ్వాలు భుజాన వేసుకుని నిచ్చెన కింద నిలబడ్డాడు. కోపంగా లేడు. కోపంగా వచ్చి ఉంటే నాకు సులువయ్యేదేమో.

"ఏమప్పా, నేను సరే అన్న్యానని చెప్పినావంటనే మా ఇంటిదానికి?"

సూపర్‌వైజరు కెమెరా పట్టుకుని పక్కనే ఉన్నాడు. ఇంటివాళ్లు వద్దన్న గోడ రాశానని తెలిస్తే ఆ పని అక్కడితో సరి. నేను నిచ్చెన దిగలేదు. కుంచె కూడా ఆపలేదు.

"నేనట్ల యాడ చెప్పినా మామా? అత్తే పూసుకోమన్నింది. గోడ తెల్లగుంటాదని."

ఆయన "సరేప్పా" అని వెనక్కి తిరిగి నడిచాడు. ఆ పొద్దు నేను రాసిన వరుస వంకర పోయింది. సూపర్‌వైజరే దారం పట్టి చూపించాడు.

ఆ తర్వాత ఆ దారిలో బస్సులో పోవాల్సి వస్తే అటు పక్క కిటికీ వదిలేసి ఇటు పక్క కూర్చునేవాణ్ణి. తేలు కుట్టిన దొంగను, నోరెత్తే పని లేదు. కానీ సంగతులు దాగవు కదా, కొత్తచెరువు టీ అంగట్లోనే చెవిన పడ్డాయి. మామ ఆ గోడ మీద మళ్లీ గీత గీయలేదు. భార్యతో మాట మానేశాడు. కావాల్సింది కూతురితో చెప్పించేవాడు. కూతురి పెళ్లయి పోయాక, గోడ వైపు తిరిగి "అన్నం పెట్టాల" అనేవాడట. ఊళ్లో ఆడవాళ్లు ఆమెకు "గోడ తుడిపించినామె" అని పేరు పెట్టారు. పంట పోయిన ఏడల్లా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తేవాళ్లు. అది విన్న రోజు టీ సగంలో పెట్టి లేచి వచ్చాను. అంతే. వచ్చి ఏమీ చేయలేదు.

ఇంకోడి గోడ మీద సున్నం కొట్టకూడదన్నది మా కట్టుబాటని ముందే చెప్పాను. ఆ గోడ నాకంటే ముందు ఒకాయన మాట్లాడుకున్న గోడ. మూలన చిన్న గుర్తు కాదు, గోడంతా గుర్తులే. లిస్బన్‌లో ఎవరో పిల్లవాడి సంతకాన్ని గోడ బుక్ అయిందనుకున్న నాకు, సొంత జిల్లాలో ఆ గుర్తులు కనబడలేదా? కనబడ్డాయి. వాటి అర్థం కూడా తెలుసు.

ఆ నాలుగో రోజు సాయంత్రమే నా వంతు వచ్చింది. ఒక పాత గిడ్డంగి ముందు తెల్లగోడ ఇచ్చి, తెలుగులో మీకు ఇష్టమైన మాట రాయండన్నారు. చుట్టూ ఓ ముప్పైమంది నిలబడ్డారు. కుంచె ముంచాను. ఏం రాయాలో తోచలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, కుంచె కొసనుంచి రంగు బూటు మీద పడింది. చివరికి చెయ్యి దానంతటదే కదిలింది. "బోరులో నీళ్లు, ఇంట్లో సిరులు." నీడ గీత కూడా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. అర్థమేమిటని ఒకతను అడిగితే అమ్మాయి చెప్పింది, ఎంత చక్కటి ఆశ అని అతను మెచ్చుకున్నాడు. అంత సిగ్గు నా బతుకులో పడలేదు. చెయ్యి కడుక్కునే నెపంతో లోపలికి పోయి చాలాసేపు కొళాయి కింద పెట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చిన వారానికి మామ వాళ్ల ఊరికి బయల్దేరాను. మామ కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాలి. తిట్టినా కొట్టినా సరే, అత్త ముందరే చెప్పాలి. బస్సులో ఈసారి గోడ పక్క కిటికీ దగ్గరే కూర్చున్నాను.

నా అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఎరుపు వెలిసి ఇటుకరంగుకు దిగింది. "సిరులు" దగ్గర సున్నం పెచ్చులుగా లేచిపోయింది. ఆ కింద అత్త కూర్చుని విత్తనానికి బుడ్డలు ఒలుస్తోంది. చాటలో గింజలు, పక్కన పొట్టు. నన్ను గుర్తుపట్టి, "ఏమప్పా, ఇన్నేండ్లకు" అంది.

"మామ యాడికి పోయినాడు అత్తా? సేనుకా?"

"ఆయప్ప పోయి మూడేండ్లాయ" అంది, చేతిలో కాయ చిట్లిస్తూ.

బస్సులో కూడబలుక్కున్నదంతా ఆయన కోసం. ఇక ఎవరికి చెప్పేది? కింద కూలబడి అత్తకే చెప్పాను. సేను కాడికి పోలేదని, నీతో అబద్ధమాడానని, నిచ్చెన మీద నిలబడి మామతో ఇంకో అబద్ధమాడానని. ఆమె ఒలవడం ఆపలేదు.

"నాకెందుకు చెప్తాండావప్పా ఇది? నువ్వు అబద్ధమాడినావని నాకు తెల్దా? ఆడ నిలబడి చెప్పింది నాకే గదా." గింజ ఒకటి పుచ్చిందేమో, ఏరి పారేసింది. "తెలియాల్సింది ఆయప్పకు. తొమ్మిదేండ్లు చెప్తానే వచ్చినా. మంచంలో పడినప్పుడు కూడా చెప్పినా. ఆ పెయింటరు మొగోడు, నిచ్చెన మీదనించి నా కండ్ల ఎదురుగా చెప్పినాడు, వాడెందుకు అబద్ధమాడతాడు అనే ఆయప్ప. నామీద పెట్టిన నమ్మకం కంటే నీ మీదే ఎక్కువ పెట్టినాడు."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, వద్దనీ అనలేదు.

"పెచ్చు లేసినకాడ కింద గీతలుంటాయేమో అని కొడవలితో గీకి చూసినా" అంది. "చేప ఒగటైనా దొరికితే చూపించల్ల అని. సున్నంతోనే అవీ రాలొచ్చినాయి."

"ఇప్పుడు నన్నేం చేయమంటావు అత్తా?"

"ఏం చేస్తావు? చేతులు కాలినంక ఆకులు." చాట పక్కన పెట్టి లేచింది. ఇంట్లోకి పోయి ఒక డబ్బాలో కావి తెచ్చి నా ముందు పెట్టింది. "రాసేది వచ్చు గదా నీకు. నువ్వు నాకు చెప్పింది ఆడ రాయి. ఊరోళ్లు చదవల్ల. గోడ తుడిపించినామె అని ఇంగా పిలుస్తాండారు నన్ను."

లిస్బన్‌కు పట్టుకెళ్లిన కుంచె ఇంకా నా సంచిలోనే ఉంది. నిచ్చెన లేదు, చేతికి అందినంత మేర నా పాత అక్షరాల మీదే రాయడం మొదలుపెట్టాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగారు. గొర్రెలు తోలుకొచ్చే ఒకాయన గొర్రెల్ని వదిలేసి నిలబడ్డాడు. "ఈ గోడ తుడిచింది నేను. అత్త వద్దనింది. మామ ఒప్పుకున్నాడని అత్తతో అబద్ధం చెప్పినాను. అత్తే ఒప్పుకుందని మామతో అబద్ధం చెప్పినాను." నీడ గీత వేయలేదు. ధర్మవరం బస్సు మలుపు తిరిగి వచ్చింది, కిటికీల్లో తలలు ఇటు తిరిగాయి.

"ఏం రాసినావో చదువు" అంది అత్త. చదివాను. "గట్టిగా" అంది. గట్టిగా చదివాను. గొర్రెలాయన కిందికి చూశాడు.

ఆమె వెనక్కి జరిగి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఆ చివర నుంచి ఈ చివరిదాకా గోడను చూసింది. బాగుందంటుందేమోనని ఎదురుచూశాను. అప్పటికి కూడా నాకు ఆ ఆశ పోలేదు.

"ఊరోళ్లకు సరిపోతాది" అంది. "ఆయప్పకు అచ్చరాలు రావు గదప్పా. బతికున్నా ఇది చదివేటోడు కాదు. నువ్వొచ్చి నోటితో చెప్పల్సి ఉన్నింది."

చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుని బుడ్డలు ఒలవడం మొదలుపెట్టింది.